ప్రకృతి గణితంతో సుస్థిర భవిష్యత్తు: సాధ్యమేనా, అందమైన మాటేనా?

ఆకుగీత
నీటి పైపులు, కరెంటు లైన్లు, రోడ్లు తక్కువ సామానుతో, తక్కువ ఇంధనంతో నడవాలంటే మనం ముందు చూడాల్సింది ప్రకృతిలోని గణితం వైపే అని నా గట్టి నమ్మకం. ఒప్పుకోనివాళ్లు ఎందుకు ఒప్పుకోరో వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నన్ను ఇటు లాగింది 2010లో అచ్చయిన ఒక జపాన్ ప్రయోగం. స్లైమ్ మోల్డ్ అని ఒక జీవి ఉంది. కుళ్లిన ఆకుల్లో పసుపుగా పాకుతుంది. ఒళ్లంతా ఒకే కణం. మెదడు లేదు, నరాలు లేవు. టోక్యో చుట్టూ ఊళ్లున్న చోట్లలో 36 ఓట్స్ పలుకులు పెట్టి, టోక్యో స్థానంలో దీన్ని వదిలారు. ముందు అంతటా పల్చగా పరుచుకుంది. తర్వాత ప్రవాహం ఎక్కువున్న గొట్టాలు లావెక్కాయి, లేనివి సన్నబడి మాయమయ్యాయి. 26 గంటలకు మిగిలిన వల మొత్తం పొడవులోనూ, ఎక్కడైనా తెగితే తట్టుకోవడంలోనూ అక్కడి రైలు మార్గాలకు దీటుగా ఉంది. "పారితే లావెక్కు, పారకపోతే చిక్కిపో" అన్న ఆ సూత్రాన్నే వాళ్లు సమీకరణంగా రాశారు.

ఇంకోటి. పొద్దుతిరుగుడు పువ్వులో ఒక గింజకీ ఆ తర్వాత పుట్టే గింజకీ మధ్య కోణం సుమారు 137.5 డిగ్రీలు. స్పెయిన్‌లో సెవిల్ దగ్గర 624 పెద్ద అద్దాలతో నడిచే సౌర విద్యుత్ కేంద్రం ఉంది. ఆ అద్దాలను గింజల్లాగే ఇదే కోణంతో చుట్లు తిరిగే సర్పిలంలో పేరిస్తే నేల సుమారు 16 శాతం తగ్గుతుందని, పనితనం కూడా కాస్త పెరుగుతుందని 2012లో లెక్కగట్టారు. ఇంతకంటే ఏం కావాలి?

కొలబద్ద
ఆకుగీత గారూ, ఆ ప్రయోగంతో నాకు పేచీ లేదు. "ముందు చూడాల్సింది అటే" అన్న చోటే నాకు మింగుడుపడడం లేదు.

2011లో అమెరికాలో ఒక 13 ఏళ్ల విద్యార్థి చెట్టు కొమ్మల వరుసలో సోలార్ ప్యానెళ్లు అమర్చి, మామూలుగా పరిచినదాని కంటే ఎక్కువ కరెంటు వస్తోందని చెప్పాడు. పత్రికలు ఆకాశానికెత్తాయి. తీరా చూస్తే కొలిచింది వోల్టేజీని, పవర్‌ను కాదు. లోడ్ (కరెంటు వాడుకునే పరికరం) పెట్టకపోతే ప్యానెల్ వోల్టేజీ నీడలో కూడా పెద్దగా పడిపోదు. పిల్లవాణ్ణి అనడం లేదు, ఆ వయసులో అలాంటి ప్రశ్న వేసుకోవడమే గొప్ప. తప్పు పెద్దవాళ్లది. "ప్రకృతి చెప్పింది" అనగానే మీటరు దేన్ని చూపిస్తోందో అడగడం మానేశారు.

అల్గారిదమ్‌లలోనూ, అంటే కంప్యూటరుతో మంచి జవాబు వెతికే పద్ధతుల్లోనూ, ఇదే జబ్బు. చీమలు వదిలే వాసన జాడలను మార్కో డోరిగో అనే పరిశోధకుడు 1992లో తన పీహెచ్‌డీలో గణితంగా మార్చాడు. అది నిజంగా కొత్త ఆలోచన. ఆ తర్వాత తోడేళ్లు, గబ్బిలాలు, తిమింగలాలు అంటూ రోజుకో పేరు. వీటిలో చాలావాటికి జంతువు బొమ్మ తీసేస్తే మిగిలేది పాత పద్ధతే అని కెనెత్ సోరెన్సెన్ అనే పరిశోధకుడు 2015లో గట్టిగానే రాశాడు. చక్కటి పేరు చూసి డబ్బు, కాలం అటు పోతే, అసలు పని వెనకపడుతుంది. నా కోపమంతా అందుకే.

పైపులలెక్క
నేను నీటి పంపిణీ డిజైన్ చేస్తాను. ఇద్దరిలోనూ నిజం ఉంది, కానీ నాకు తగిలిన దెబ్బ చెబితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక నెట్‌వర్క్‌కి జెనెటిక్ అల్గారిదమ్ వాడాం. వందలాది డిజైన్లు తయారుచేసి, మంచివాటిని కలిపి, అక్కడక్కడ మార్చి, మళ్లీ వడపోయడం. షరతు ఒక్కటే: ప్రతి ఇంటికీ చాలినంత ప్రెషర్ ఉండాలి. తగ్గించాల్సింది ఖర్చు. అది చక్కగా తగ్గించింది. ఒక్కో లూప్‌ని (చుట్టూ తిరిగి కలిసే పైపుల వలయాన్ని) తెంపుకుంటూ పోయి, చివరికి చెట్టులాంటి ఆకారం మిగిల్చింది. ట్యాంకు నుంచి ఏ ఇంటికైనా ఒకటే దారి. కాగితం మీద చూసి అందరం మెచ్చుకున్నాం. వేసిన మొదటి ఏడాదే ఒక మెయిన్ (ప్రధాన పైపు) పగిలింది. దాని అవతల ఉన్నవాళ్లందరికీ మూడు రోజులు కొళాయి రాలేదు.

అప్పుడు ఆకుల గురించి చదివాను. వీలైతే ఇప్పుడే ఒక ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. పెద్ద ఈనె, దాన్నుంచి చిన్నవి, వాటి మధ్య ఇంకా చిన్నవి. ఎక్కడ చూసినా గళ్లు గళ్లుగా మూసుకుపోయి ఉంటాయి. భౌతిక శాస్త్రవేత్త ఎలీనీ కటిఫోరీ, ఆమెతో పనిచేసినవాళ్లు 2010లో దీనికి లెక్క వేశారు. ఏ ఈనె తెగదు, నీటి అవసరం మారదు అనుకుంటే అన్నిటికంటే చవకైన ఆకారం చెట్టే. ఏదో ఒక ఈనె తెగొచ్చు అనో, అవసరం చోటు మారుతూ ఉంటుందనో ఒక్క షరతు చేర్చండి, లూపులు వాటంతటవే వచ్చేస్తాయి. నిమ్మాకు పెద్ద ఈనెకు చిల్లు పెట్టి మెరిసే రంగునీళ్లు ఎక్కిస్తే, ఆ రంగు చిల్లు చుట్టూ తిరిగి అవతలికి చేరింది. గింకో (ginkgo) అనే చెట్టు ఆకులో ఈనెలు చీలుతూ పోతాయే తప్ప మళ్లీ కలవవు. అక్కడ తెగితే ఆ పైభాగం ఎండిపోవాల్సిందే.

మా అల్గారిదమ్ కూడా ప్రకృతి నుంచి వచ్చిందే కదా. అయినా గింకో ఆకునే ఇచ్చింది, ఎందుకంటే పైపులు పగులుతాయన్న మాట మేం దానికి చెప్పలేదు.

ఆకుగీత
పైపులలెక్క గారూ, చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అయితే ఇది నా వైపు సాక్ష్యమే అనుకుంటాను. ఆకును ముందే చూసి ఉంటే లూపులు తీసేసేవారు కాదు కదా?

పైపులలెక్క
చూసినంత మాత్రాన సరిపోదండీ. రక్తనాళాల సంగతే తీసుకోండి. ఒక నాళం రెండుగా చీలితే, తల్లి నాళం వ్యాసార్ధం ఘనం పిల్లల ఘనాల మొత్తానికి సమానమని 1926లో సెసిల్ ముర్రే అనే శాస్త్రవేత్త చూపించాడు. ఆ 3 అనే ఘాతాన్ని తెచ్చి పైపులకు పెడితే తప్పవుతుంది. చిన్న నాళాల్లో రక్తం పొరలు పొరలుగా నిదానంగా జారుతుంది, మన మెయిన్లలో నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతాయి. అదే వాదనతో మళ్లీ లెక్కిస్తే ఘాతం దాదాపు 2.33కి దిగుతుంది. అంకెను తెచ్చుకోకూడదు, ఆ అంకె పుట్టిన లెక్కను తెచ్చుకోవాలి.

నీడపట్టు
భవనాల వైపు నుంచి ఒక మాట. జింబాబ్వే రాజధాని హరారేలోని ఈస్ట్‌గేట్ భవనం 1996లో పూర్తయింది. చెదపుట్ట లోపల గాలి ఆడే తీరు చూసి ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్ గీశాడు. పెద్ద ఏసీ యంత్రాలు లేకుండానే చల్లగా ఉంటుంది. చెదపుట్టలను తర్వాత దగ్గరగా కొలిస్తే అవి అప్పుడు అనుకున్నట్టు పనిచేయవని తేలింది. లోపలి వేడిని సమంగా ఉంచేది ఎక్కువగా నేలే. భవనం మాత్రం చల్లగానే ఉంది, రాత్రి చల్లగాలిని లాగి బరువైన కాంక్రీటులో దాచుకుంటుంది కాబట్టి.

నా అసలు దిగులు వేరే. సామాను తగ్గించగానే మిగిలింది భూమికి మిగలదు. బొగ్గును పొదుపుగా వాడే ఆవిరి యంత్రాలు వచ్చాక బొగ్గు వాడకం పెరిగిందని ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే రాశాడు. అద్దాలు తక్కువ నేలలో పడితే మిగతా నేల అడవికి వదులుతామా, ఇంకో కేంద్రం కడతామా? సర్పిలం ఆ సంగతి చెప్పదు.

కొలబద్ద
నీడపట్టు గారి ప్రశ్న నాక్కూడా పెద్దదే, దానికి వేరే చర్చ పెట్టాలి. పైపులలెక్క గారూ, మీరు చెప్పినట్టు "తెగొచ్చు" అన్న పదాన్ని లెక్కలో పెడితే నాకు అభ్యంతరం లేదు. కానీ దాని బరువెంత? సున్నా పెడితే చెట్టు, ఎక్కువ పెడితే నేలంతా పైపులు. ఆ విలువను ఎక్కణ్ణుంచి తెస్తారు?

పైపులలెక్క
సగం మా మరమ్మతు రిజిస్టర్ల నుంచి. ఏ వయసు పైపు ఏడాదికి ఎన్నిసార్లు పగిలింది, రెండు వాల్వుల మధ్య ముక్కను కట్టేస్తే ఎన్ని ఇళ్లు ఆగుతాయి, బాగుచేయడానికి ఎన్ని గంటలు. ఇవి గుణిస్తే ఒక అంకె వస్తుంది.

మిగతా సగం కష్టం. ఆస్పత్రి ఉన్న కొమ్మకు, గోదాము ఉన్న కొమ్మకు ఒకే బరువు పెట్టలేం. నలుగురం కూర్చుని, రెండుసార్లు గట్టిగా వాదులాడుకుని రాసుకున్నాం. ఆ విలువలతో మళ్లీ నడిపితే తీసేసిన లింకుల్లో రెండు తిరిగొచ్చాయి. ఒకటి సరిగ్గా ఆ రోజు పగిలిన మెయిన్ పక్కనే. పైపు పొడవు పెరిగిందని ఫైల్ వెనక్కి పంపారు. వచ్చే సమావేశానికి రిజిస్టర్లతో పాటు ఆ నిమ్మాకు ఫొటో కూడా పట్టుకెళ్తున్నాను.