దసరాకి మళ్లీ ఆన్‌లైన్ కచేరీ పెడుతున్నాం, ఈసారైనా గొంతు వినపడాలి

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మా ఊరి హైస్కూల్లో ఆడపిల్లలకి మరుగుదొడ్లు కట్టించాలని పూర్వ విద్యార్థులం కలిసి పోయిన నెల జూమ్‌లో కచేరీ పెట్టాం. డల్లాస్ వాళ్లకి శనివారం రాత్రి ఎనిమిదిన్నర, మాకు ఆదివారం పొద్దున ఏడు. పాడింది మా సంగీతం టీచరు గారు, మృదంగం వాళ్లబ్బాయి. పాట బావిలోంచి వచ్చినట్టు వచ్చిందట. తంబురా అసలు లేనే లేదట. మృదంగం దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు మాయం. అదైనా సర్దుకుంటాం. హెడ్మాస్టరు గారు లేచి ఎంత కావాలో, ఎందుకు కావాలో చెప్పిన ఆరు నిమిషాల్లో ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. సగం మంది వెళ్లిపోయారు. బడ్జెట్ పది వేలు. మైకు ఏది కొనాలి, మధ్యలో బడి వీడియో వేస్తే దాని శబ్దం అవతలికి ఎలా వెళ్తుంది, నెట్ పోతే ఏం చేయాలి? చేసినవాళ్లు చెప్పండి.

డల్లాస్_పిన్ని
మైకు తర్వాత సంగతి బాబూ, ముందు చూసేవాళ్లందరినీ మ్యూట్‌లో పెట్టండి. వాళ్లంతట వాళ్లు తీసుకునే వీలు కూడా ఉంచకండి. మా సంఘం కార్యక్రమంలో కీర్తన మధ్యలో ఎవరింట్లోనో కుక్కరు మూడు విజిళ్లు వేసింది. ఆపైన ఆ ఇంటావిడే వాళ్లాయనతో "వీళ్లకి వంద డాలర్లు చాల్లెండి" అంది. రెండొందల మందిమి విన్నాం. ఆ వంద కూడా రాలేదు.

ఘటం_మేళం
తంబురా ఎందుకు పోయిందో నేను చెప్తాను. ఈ మీటింగ్ యాప్‌లు మాట కోసం పుట్టినవి. ఒకే తీరుగా ఆగకుండా మోగేది ఏదైనా వాటి లెక్కలో ఫ్యాను చప్పుడే. తంబురా చేసే పని అదే కదా, తీసి అవతల పారేస్తాయి. జూమ్ ఆడియో సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" ఉంటుంది. దాని కింద హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్‌కి టిక్ పెట్టి, ఎకో క్యాన్సిలేషన్ (స్పీకర్‌లోంచి వచ్చి మళ్లీ మైకులో పడే శబ్దాన్ని తీసేసేది) తీసెయ్యండి. అప్పుడు శబ్దం 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్లతో (శబ్దాన్ని కొలిచిన ముక్కలు), మోనోకి, అంటే ఒకే చానెల్‌కి, 96 కేబీపీఎస్ (సెకనుకి 96 వేల బిట్లు) వేగంతో వెళ్తుంది. ఎకో తీసేశాక స్పీకర్ పెట్టారో చెవులు పగిలే కూత వస్తుంది, అందరూ ఇయర్‌ఫోన్లే. సెట్టింగుల్లో పెడితే సరిపోదు, మీటింగ్ తెర మీద కూడా అది ఆన్ అని ఉందో లేదో చూసుకోవాలి. నేనే రెండుసార్లు మర్చిపోయాను.

ఓరుగల్లు_పోరడు
గివన్నీ ఎందుకన్నా. మెడల ఏసుకునే బ్లూటూత్ నెక్‌బ్యాండ్ ఒక్కటి పెట్టుకొని మా గణేష్ చందా లైవ్ నేను నడిపిచ్చిన. మస్తు వినొచ్చింది.

ఘటం_మేళం
బ్లూటూతా! తమ్ముడూ, దాని మైకు తెరిచావంటే అది పాటల పద్ధతి వదిలేసి ఫోన్ కాల్ పద్ధతిలోకి దిగిపోతుంది. చాలావాటిలో సెకనుకి 8 వేలో 16 వేలో శాంపిళ్లు, అంతే. 8 వేలది అయితే "స"కీ "శ"కీ తేడా తెలియదు. కచేరీకి అదా చెప్పేది?

ఓరుగల్లు_పోరడు
నేను కచేరీ అన్ననా? మాటలకు చెప్పిన. హెడ్మాస్టర్ సార్ మాట్లాడింది వినొస్తలేదనే కదా అన్న ఏడుపు. మీ 48, 96 పక్కకు పెట్టి చెప్పుండ్రి, మీ లైవ్‌ల చందా ఎంత జమైంది?

ఘటం_మేళం
నేను కళాకారుణ్ణి, చందాలు లెక్కపెట్టేవాణ్ణి కాదు.

ఓరుగల్లు_పోరడు
గదే చెప్తున్న.

మైక్‌సెట్_బాబాయ్
ఇద్దరూ ఆగండెహె. 1987 నుంచి మైక్ సెట్ నడుపుతున్నా. పెళ్లి, చావు, ఎలక్షను, హరికథ, నేను చూడని గోల లేదు. గోదారిగట్టు బాబూ, నువ్వు కండెన్సర్ మైకు కొనమాక. అది గదిలో ఫ్యాను, గోడల మీంచి తిరిగొచ్చే మోత, పక్కింటి కోడి, అన్నీ లాక్కుంటది. చాలావాటికి 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు (మైకు వైరులోంచే పంపేది) కూడా ఇవ్వాలి. డైనమిక్ తీసుకో, దగ్గరి గొంతునే బాగా పట్టుకునే రకం అది. షూర్ కంపెనీ మైకు ఎస్‌ఎం58 అని 1966లో వచ్చింది, ఇప్పటికీ స్టేజీల మీద అదే. అంత పెట్టలేకపోతే ఆ బాపతు ఇంకోటి. నోటికి జానెడు దూరం కూడా ఉండకూడదు, మన హెడ్మాస్టర్లు మైకుని చూస్తే పాముని చూసినట్టు వెనక్కి జరుగుతారు.

ఇంకోటి. మిక్సర్ (మైకులన్నీ కలిపే పెట్టె) లైన్ అవుట్ తెచ్చి ల్యాప్‌టాప్ మైకు గుంటలో గుచ్చే మహానుభావులున్నారు. లైను సిగ్నల్ పెద్దది, ఆ గుంట చిన్న సిగ్నల్‌కి. శబ్దం పగిలి పేలాలు వేగినట్టు వస్తది. మధ్యలో యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకునో మిక్సర్‌నో ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె, పెట్టాలి. గుయ్య్‌మని 50 హెర్ట్జ్ హమ్ వస్తుంటే చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపి చూడు. ఆగిందా, ఎర్త్ గొడవే.

గోదారిగట్టు
ధన్యవాదాలు బాబాయ్ గారూ. మైకు, ఇంటర్‌ఫేస్ రెండూ కలిపి పది వేలల్లో వస్తాయా? నెట్ సంగతి ఎవరైనా...

ఆడిటర్_ఎడిసన్
ఆడియో బాగుపడి డబ్బులు వచ్చాయనుకోండి, అవి ఏ ఖాతాలో పడుతున్నాయి? మీ పోస్టరు కింద క్యూఆర్ కోడ్ పెట్టేసి "అమెరికా మిత్రులారా పంపండి" అంటున్నారు. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. మీ సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకపోతే తీసుకోకూడదు. ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి.

డల్లాస్_పిన్ని
అంటే నా డబ్బు విదేశీ డబ్బా? నేను ఆ జిల్లా బళ్లలోనే పదో తరగతి దాకా చదివాను. మరుగుదొడ్డి లేక మధ్యాహ్నం దాకా మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చున్నాను. నువ్వెవరివయ్యా నన్ను విదేశీ అనడానికి?

ఆడిటర్_ఎడిసన్
నేననలేదు పిన్నిగారూ, చట్టం అంటోంది. నా మీద కేకలేస్తే చట్టం మారదు. మీ అమెరికా సంఘానికి 501సీ3 (అక్కడి పన్ను చట్టం కింద ధర్మసంస్థ గుర్తింపు) ఉంటే అక్కడ వేయండి, పన్ను మినహాయింపూ వస్తుంది. ఇండియాలోని సంస్థకి పంపేటప్పుడు మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నదాన్ని చూసి పంపాలి.

మైక్‌సెట్_బాబాయ్
ఎర్త్ సంగతి మర్చిపోకండి.

వీణ_బెజవాడ
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను. నా పాట ఇక్కడ, ఇంకొకావిడ వీణ డల్లాస్‌లో పెట్టి జుగల్‌బందీ అని పోస్టరు వేసి పరువు తీసుకున్నవాళ్లం మేము. బెజవాడకీ డల్లాస్‌కీ మధ్య 14 వేల కిలోమీటర్ల పైనే. గాజు తీగలో కాంతి తిన్నగా వెళ్లినా 70 మిల్లీసెకన్ల పైనే, యాప్ తినేది అదనం. 30 దాటితేనే తాళం జారిపోతుంది. ఆవిడ సమం (తాళం మొదటి దెబ్బ) మీదికొచ్చేసరికి నేను అరావర్తనం, అంటే తాళంలో సగం చుట్టు, వెనకున్నాను.

రెండోసారి తెలివి తెచ్చుకున్నాం. పాటలన్నీ వారం ముందే రికార్డు చేశాం. గది నిండా బొంతలు వేలాడదీసి, ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ. ఆ రోజు వాటిని జూమ్‌లో స్క్రీన్ షేర్ చేశాం. అక్కడ "షేర్ సౌండ్" అని చిన్న గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టకపోతే అవతలి వాళ్లకి మూకీ సినిమా. మీ బడి వీడియోకీ అదే. అడిగే మనిషిని మాత్రం లైవ్‌లో ఉంచాం. టేపులో "సాయం చేయండి" అంటే రూపాయి రాలదు.

ఘటం_మేళం
రికార్డు వేస్తే దాన్ని కచేరీ అనకండి. మోసం.

వీణ_బెజవాడ
పోస్టరు మీద "ముందుగా రికార్డు చేసినది" అని వేశాం. మోసమెక్కడ? మీరు లైవ్‌లో ఒరిజినల్ సౌండ్ నొక్కడం మర్చిపోయి వినిపించింది మాత్రం కచేరీయా?

గోదారిగట్టు
నిన్న ట్రయల్ వేశాం. డల్లాస్ పిన్నిగారే అటువైపు కూర్చున్నారు, చాలా థాంక్సండీ. తంబురా వినపడింది! డబ్బు అక్కడి సంఘం ద్వారానే వెళ్లేలా మాట్లాడుతున్నాం. హెడ్మాస్టరు గారి చేతికి మైకిచ్చి, చెయ్యి గడ్డానికి ఆనించే ఉంచండి సార్ అని చెప్పాం. నెట్ పోతే అందుకోవడానికి ఇంకో ఫోన్ పక్కన పెట్టుకున్నాం, ఆ సంగతి ఎవరూ చెప్పకపోయినా. ఒక్క చిక్కు మిగిలింది. సరిగ్గా ఏడింటికి రామాలయం మైకు మొదలవుతుంది.

మైక్‌సెట్_బాబాయ్
ఆ హారన్ బడి వైపు తిరిగి ఉంటది. పూజారిని అడిగి ఆ ఒక్క పూట చెరువు వైపు తిప్పించు. స్క్రూ వదులు చేస్తే రెండు నిమిషాల పని.

ఓరుగల్లు_పోరడు
అన్నా, వైరు ఇయర్‌ఫోన్ మంచిది ఎంతల వస్తది? ఊకెనే అడుగుతున్న.