పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో ఉద్యోగం: పంపవచ్చా?

ప్రశ్న: మా మేనల్లుడికి హైతీ రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో ఒక గిడ్డంగిలో లెక్కలు చూసే ఉద్యోగం వచ్చింది. జీతం ఇక్కడికి మూడింతలు. "బస విమానాశ్రయానికి పది నిమిషాల దూరంలోనే" అని నియామక పత్రంలో రాశారు. మా అక్కయ్య భయపడుతోంది. వాడేమో టికెట్టు కొంటానంటున్నాడు. తెలిసినవారు చెప్పండి.

జవాబు: అమ్మా, నాకు భయం వేసింది ఆ పది నిమిషాల మాటకే. 2024 నవంబరులో అక్కడ దిగబోతున్న ప్రయాణికుల విమానానికి తూటాలు తగిలి, అందులో పనిచేసే ఉద్యోగి గాయపడ్డారు. వెంటనే అమెరికా తన విమానాలను అక్కడికి వెళ్లనివ్వలేదు. విమానాశ్రయం పక్కనే ఉన్నా ఎక్కడానికి విమానం ఉండాలి కదా! పైగా హైతీలో మన రాయబార కార్యాలయం లేదు. పక్క దేశంలోని శాంటో డొమింగో నుంచే చూసుకుంటారు. 2024 మార్చిలో 12 మంది భారతీయులను 'ఆపరేషన్ ఇంద్రావతి' పేరుతో అటే తరలించారు.

మరొకరు: అక్కడ ప్రభుత్వమంటూ లేదా?

జవాబు: పేరుకు ఉందండీ. 2021 జులై 7న అధ్యక్షుడు జొవెనెల్ మొయీజ్‌ను ఆయన ఇంట్లోనే చంపారు. 2023 జనవరిలో చివరి పదిమంది సెనేటర్ల గడువు కూడా తీరిపోయి, దేశం మొత్తంలో ఎన్నికైన ప్రతినిధి ఒక్కరూ మిగల్లేదు. మరుసటి ఏడాది మార్చిలో ముఠాలు రాజధానిలోని పెద్ద జైలును బద్దలుకొట్టి వేలమంది ఖైదీలను బయటికి వదిలాయి. అప్పుడు ప్రధాని ఏరియల్ ఆన్రీ ఊళ్లో లేరు. ముఠాల మీదికి పోలీసులను పంపమని అడగడానికి కెన్యా వెళ్లారు. తిరిగి స్వదేశంలో దిగలేక, బయటి నుంచే రాజీనామా చేశారు. కెన్యా పోలీసులు జూన్‌లో వచ్చారు గానీ అనుకున్న 2,500 మంది బలగం నిండనే లేదు.

ఇంకొకరు: ఆ దేశం రాత ఎప్పుడూ అంతే.

జవాబు: రాత కాదు, అప్పు. బానిసలు తిరగబడి 1804లో స్వాతంత్ర్యం సాధించుకుంటే, 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు తెచ్చి నిలబెట్టి 15 కోట్ల ఫ్రాంకులు అడిగింది. అదీ తోటల యజమానులకు నష్టపరిహారమట! మొదటి వాయిదా కట్టడానికి మళ్లీ ఫ్రాన్సులోనే అప్పు చేయాల్సి వచ్చింది.

సరే, అసలు విషయానికి వస్తాను. ఏ దారిన దేశంలోకి తీసుకెళ్తారో, బీమాలో అపహరణ కూడా ఉందో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగమనండి. ఉత్తరాన కాప్-హైతియెన్‌లో పని ఇవ్వగలరేమో కూడా అడగవచ్చు, అక్కడ కొంత నయం.

అడిగినవారు: చదివి వినిపించానండీ. నిన్ననే కంపెనీకి రాశాడు. బీమా సంగతి ఎత్తకుండా, ఎప్పుడు బయలుదేరుతున్నావని మాత్రం జవాబిచ్చారు. టికెట్టు కొనలేదు.