మైళ్లతో సీటు మార్చుకుంటే మళ్లీ పన్నులు ఎందుకు?

మాది హనుమకొండ. అమ్మకు 68 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో కూర్చుని వెళ్లడమే ఆమెకు కష్టం. అలాంటిది లండన్‌లో ఉన్న అక్క దగ్గరకు ఎకానమీ సీటులో పంపడానికి మనసు ఒప్పడం లేదు. అందుకే నాలుగేళ్లుగా కూడబెట్టిన నా మైళ్లతో (విమాన సంస్థ ఇచ్చే పాయింట్లతో) ఆమె రానుపోను సీట్లను బిజినెస్ తరగతికి మార్చాలనుకున్నాను.

మైళ్లు సరిపోయాయి. కానీ చివర్లో డబ్బు కూడా కట్టమన్నారు. వెళ్లేటప్పటి కంటే తిరుగు ప్రయాణానికి చాలా ఎక్కువ. వెతికితే కొంత అర్థమైంది: బ్రిటన్ నుంచి బయలుదేరే విమానాలపై అక్కడి ప్రభుత్వం వేసే పన్ను తరగతిని బట్టి మారుతుంది. 2026 ఏప్రిల్ నుంచి మన దేశానికి ఎకానమీలో 102 పౌండ్లు, బిజినెస్‌లో 244 పౌండ్లు. ఆ తేడా కట్టక తప్పదు, సరే.

అర్థం కానిది మిగతా మొత్తం. మన దగ్గర 2025 సెప్టెంబర్ 22 నుంచి బిజినెస్ టికెట్లపై జీఎస్టీ 18 శాతం, ఎకానమీపై 5 శాతమే. మైళ్లతో మార్చుకున్నప్పుడు ఈ 18 శాతాన్ని దేనిమీద లెక్కిస్తారు? విమాన సంస్థ తానుగా వేసే అదనపు రుసుమును కూడా పన్నుల్లోనే కలిపి చూపిస్తారా? విడివిడిగా వివరాలు అడిగితే ఫోనులో ఎవరూ చెప్పడం లేదు.

వెళ్లేటప్పుడు మాత్రమే మార్చి, వచ్చేటప్పుడు ఎకానమీలోనే ఉంచడం మేలా? ఒకవేళ రద్దు చేసుకుంటే మైళ్లతో పాటు ఈ డబ్బు కూడా తిరిగి వస్తుందా? ఇలా పెద్దవాళ్లను పంపినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.