పికప్‌లో ఫాగ్ లైట్లు హెడ్‌లైట్లతో సంబంధం లేకుండా వెలగాలంటే వైరింగ్ ఎలా మార్చాలి?

శీతాకాలంలో తెల్లవారుజామున లంబసింగి నుంచి నర్సీపట్నానికి కూరగాయలు తీసుకువెళ్లే నా పికప్‌లో, హెడ్‌లైట్లు వేసినప్పుడు మాత్రమే ఫాగ్ లైట్లు వెలుగుతున్నాయి. దట్టమైన పొగమంచులో హెడ్‌లైట్ల కాంతి తెల్లగోడకు తగిలినట్టు తిరిగి కళ్లలోకే కొడుతుంది కనుక, పార్కింగ్ లైట్లతో పాటు, రోడ్డు మీద కిందుగా పరుచుకునే ఫాగ్ లైట్ల వెలుగులోనే నిదానంగా ఘాట్ దిగాలని నా ఉద్దేశం.

మల్టీమీటరుతో పరీక్షించగా, ఫాగ్ లైట్ల రిలేలో (85, 86 పిన్నుల మధ్య చిన్న కరెంటు పారితే 30, 87 పిన్నులను కలిపి, దీపాలకు పెద్ద కరెంటు పంపే స్విచ్చి ఇది) 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా నేరుగా కరెంటు అందుతోందని, 87 నుంచి దీపాలకు వెళుతోందని, 85ను డాష్‌బోర్డు స్విచ్చి ఎర్తుకు కలుపుతోందని, 86కు మాత్రం హెడ్‌లైట్లు వేస్తేనే 12 వోల్టులు వస్తున్నాయని తేలింది. ఆ 86వ పిన్ను వైరును కత్తిరించి, పాత కొసకు టేపు చుట్టి, పార్కింగ్ లైట్ల వైరు నుంచి కరెంటు ఇస్తే సరిపోతుందా, లేక ఇగ్నిషన్ వైరు నుంచి తీసుకోవడం మేలా? పాత వైరును ఉంచేసి కొత్తది కలిపితే కరెంటు వెనక్కి హెడ్‌లైట్ల సర్క్యూట్‌లోకి పారుతుందని నా భయం.

బ్యాటరీ నుంచి స్విచ్చి మీదుగా దీపాలకు నేరుగా వైరు లాగితే చాలునని మా మెకానిక్ అంటున్నారు. రెండు 55 వాట్ల బల్బులకు కావలసిన సుమారు 9 ఆంపియర్లు ఆ చిన్న స్విచ్చి గుండా పోవడం నాకు సమ్మతం కాదు. ఇటువంటి మార్పు స్వయంగా చేసినవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.