ఆలు లేదు, చూలు లేదు: నిల్ పాయింటర్‌ని తెలుగులో ఎలా చెప్పాలి?

బ్రాడీపేట ట్యూషన్: గుంటూరులో సాయంత్రాలు ఇంజనీరింగ్ పిల్లలకు గో అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతుంటాను. నిన్న ఒకమ్మాయి ప్రోగ్రాం శుభ్రంగా కంపైలైంది, నడపగానే పానిక్, అంటే మధ్యలోనే ఆగిపోయింది! 'నిల్ పాయింటర్ డీరిఫరెన్స్' అట. పాయింటర్ అంటే ఇంకో వస్తువు అడ్రస్ ఉంచుకునేది; అందులో ఏ అడ్రసూ లేకుండానే (నిల్) దాని వెంట వెళ్లబోయిందన్నమాట. చూస్తే, కొన్ని వివరాలను ఒకచోట కట్టి ఉంచే విద్యార్థి అనే స్ట్రక్ట్‌లో తండ్రి ఒక పాయింటర్, తండ్రిలో చిరునామా ఇంకో పాయింటర్. 'న్యూ'తో విద్యార్థిని తయారుచేసి, తిన్నగా చిరునామాలో ఊరు 'తెనాలి' అని పెట్టేసింది. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నాను. అందరూ నవ్వారు. "చూలు అంటే ఏంటి సార్?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగేసరికి నీళ్లు నమిలాను. అదొకటి చెప్పండి. 'ఇనిషియలైజ్'కి, అంటే వాడకముందే విలువ పెట్టి సిద్ధం చేయడానికి, మంచి తెలుగు మాట కూడా కావాలి. ప్రారంభీకరణ అంటే పిల్లలు రిబ్బన్ కటింగ్ అనుకుంటున్నారు.

సత్యనారాయణపురం తాతయ్య: చూలు అంటే గర్భం నాయనా. చూలాలు, చూలింత అన్న మాటలు అందులోంచి వచ్చినవే. ఆలు అంటే భార్య. ఇల్లాలులో ఉన్నది ఆ ఆలే. మీ కంప్యూటర్ సంగతి నాకు తెలియదు గానీ, ఆ సామెతలో ఉన్నదంతా వరస. ముందు ఆలు, తర్వాత చూలు, ఆ తర్వాతే పేరు.

బ్రాడీపేట ట్యూషన్: మాస్టారూ, పాఠం మీరే చెప్పేశారు! ముందు తండ్రిని తయారుచేయాలి, తర్వాత చిరునామాని, ఆ తర్వాతే ఊరు. లేదా విలువలన్నీ ఒకచోటే రాసే ఒకే లిటరల్‌లో లోపలివాటికి కూడా అడ్రస్ ఇచ్చే & గుర్తు, అంటే యాంపర్‌సండ్ పెట్టి అన్నీ ఒక్కసారే కట్టుకురావచ్చు.

పటమట అక్క: తమ్ముడూ, 'తొలి విలువ ఇవ్వడం' అంటే సరిపోదా?

బ్రాడీపేట ట్యూషన్: మామూలు చోట్ల సరిపోతుందక్కా. ఇక్కడే చిక్కు. గోలో తొలి విలువ అడక్కుండానే వస్తుంది: అంకెకు 0, స్ట్రింగ్‌కు ఖాళీ, పాయింటర్‌కు నిల్. అంటే ఆ అమ్మాయి ప్రోగ్రాంలో తండ్రి అనే పాయింటర్‌కు తొలి విలువ వచ్చేసింది. రానిది తండ్రే. మా బ్రాడీపేటలో 4/2 అంటే నాలుగో లైను, రెండో అడ్డరోడ్డు. పాయింటర్ అంటే అలా అడ్రస్ రాసుకునే చీటీ. 'న్యూ' అన్నప్పుడు విద్యార్థి ఇల్లు కట్టారు, దాని గోడకు ఖాళీ చీటీ అంటించారు. చీటీ ఉంటే ఇల్లున్నట్టు కాదుగా. సీ భాషలో ఇంకా ఘోరం. ఫంక్షన్ లోపలి పాయింటర్‌కు మనం ఏమీ ఇవ్వకపోతే చీటీ మీద ఏ పిచ్చిరాతైనా ఉండొచ్చు. ఎవరి తలుపు కొడతామో తెలియదు. గో కనీసం గుమ్మంలోనే ఆపుతుంది.

పటమట అక్క: అయితే చిరునామా ప్రతి విద్యార్థికీ ఉండి తీరాల్సిందేగా, పాయింటర్ ఎందుకు? స్ట్రక్ట్‌నే నేరుగా లోపల పెడితే పోలా?

బ్రాడీపేట ట్యూషన్: నిజమే. అలా పెడితే ఈ గొడవే లేదు. లేకపోవడానికి అవకాశం ఉన్నవాటికే పాయింటర్ అని చెప్పాల్సింది, నా తప్పే. మరి నిల్‌ని 'శూన్యం' అందామా?

సత్యనారాయణపురం తాతయ్య: వద్దు. సున్నా కూడా శూన్యమేగా, రెండూ కలిసిపోతాయి. మనకు 'కాదు' వేరు, 'లేదు' వేరు. ఇది అది కాదు అంటాం, ఇంట్లో ఉప్పు లేదు అంటాం. నువ్వు చెప్పేది 'లేదు'. సామెతలో రెండుసార్లు ఉంది, చూసుకో.

పటమట అక్క: స్ట్రక్ట్ లోపలి గడికి, అదే ఫీల్డుకి, 'ఆలు' అని తెలుగులోనే పేరు పెట్టి చూపించు తమ్ముడూ, భలే ఉంటుంది.

బ్రాడీపేట ట్యూషన్: ప్రయత్నించానక్కా, గో ఒప్పుకోదు! గుణింతపు గుర్తుల్ని అక్షరాలుగా లెక్కపెట్టదు. 'తల' చెల్లుతుంది, 'ఆలు' చెల్లదు. పైథాన్‌లో అయితే రెండూ చెల్లుతాయి. పాపం, గోలో సోమలింగానికి నిజంగానే ఆలు లేదు.

సత్యనారాయణపురం తాతయ్య: సోమలింగానికి కాదు నాయనా, వాళ్ల నాన్నకి.