పలాస కిడ్నీ పరిశోధన కేంద్రం చుట్టూ బయోటెక్ పరిశ్రమ: అడగాలా, వద్దా?

ఎచ్చెర్ల పట్టభద్రుడు:
మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ పార్కు అనకాపల్లి జిల్లా నక్కపల్లికి వెళ్లింది. వైద్య పరికరాల మెడ్‌టెక్ జోన్ 2018 నుంచే విశాఖలో ఉంది. శ్రీకాకుళానికి ఇంకేం అడగాలన్న మాట వచ్చినప్పుడల్లా మన నాయకులు ఓడరేవు, విమానాశ్రయం అని ఊరుకుంటారు. నేను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివి హైదరాబాదులో ఒక టీకాల కంపెనీ నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. నా ఉద్దేశంలో మనం అడగాల్సింది పలాస చుట్టూ జీవవైద్య పరిశోధన, దాన్ని ఆనుకుని పెరిగే చిన్న పరిశ్రమలు.

ఎందుకో చెబుతాను. 2019లో అచ్చయిన ఒక అధ్యయనం పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో పరీక్షించిన పెద్దల్లో నూటికి 18 మందిలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బును గుర్తించింది. వారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణమేదీ లేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. ఇక్కడ పనికొచ్చే పరీక్ష ఏదైనా తయారైతే అక్కడా కొంటారు.

ఇప్పుడున్న పరీక్షలు ఆలస్యంగా పసిగడతాయి. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగేసరికి కిడ్నీల శక్తి సగం వరకు పోయి ఉంటుంది. మూత్రంలో ముంచి ప్రొటీన్ చూసే పట్టీ ఈ జబ్బులో పెద్దగా రంగు మారదు. మధుమేహంలా వడపోత భాగాన్ని కాక, ఇది సూక్ష్మనాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని ముందు దెబ్బతీస్తుంది. శిబిరంలో పట్టీ చూసి ‘బాగానే ఉంది’ అని ఇంటికి పంపిన మనిషికి లోపల జబ్బు ముదురుతూ ఉండవచ్చు. తొందరగా, చవకగా పట్టుకునే పరీక్ష కావాలి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఎచ్చెర్లలో 2008 నుంచి విశ్వవిద్యాలయం ఉంది. రోగులు, వైద్యులు, విద్యార్థులు ఒకే జిల్లాలో ఉన్నారు. లేనివి కంపెనీలే.

రణస్థలం వాసి:
మందుల పరిశ్రమను మాకు కొత్తగా పరిచయం చేస్తున్నారా? పైడిభీమవరం మా మండలమే. డాక్టర్ రెడ్డీస్, అరబిందో లాంటి పెద్ద పేర్లు అక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి. దేశదేశాల వాళ్లు వేసుకునే మాత్రల ముడిసరుకు అక్కడ తయారవుతుంది. దాంతో రణస్థలం హైదరాబాదు బయోటెక్ కంపెనీల జీనోమ్ వ్యాలీ అయిందా? కాలేదు. ఇక్కడికి వచ్చినవి రసాయనాలు కలిపే రియాక్టర్లు. పరిశోధన, పెద్ద జీతాలు హైదరాబాదు దాటి రాలేదు. ఊరివాడికి దక్కింది కాంట్రాక్టు హెల్పరు పని, బీఎస్సీ చదివితే షిఫ్టు కెమిస్టు పని. మా తమ్ముడు ఒక కంపెనీలో ఏళ్ల తరబడి ఒకే యంత్రం దగ్గర పనిచేస్తున్నాడు. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ కాగితాల మీద మళ్లీ కొత్తగా చేరినట్టే.

ఇక భూమి సంగతి. 2010లో సోంపేట బీల, 2011లో కాకరాపల్లి తంపర. థర్మల్ కేంద్రాలకు ఆ చిత్తడి నేలలు ఇవ్వబోమని ఎదురుతిరిగిన జనం మీద కాల్పులు జరిగి మనుషులు పోయారు. ఈ జిల్లాలో ‘పార్కు’ అనే మాట వినబడితే రైతు ముందు పాసుపుస్తకం వెతుక్కుంటాడు.

ఎచ్చెర్ల పట్టభద్రుడు:
బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీని, పరీక్ష కిట్లు చేసే యూనిట్‌ను ఒకే గాటన కట్టకండి. అక్కడ పీపాల కొద్దీ ద్రావకాలు, వాటి వ్యర్థ జలాలు. ఇక్కడ యాంటీబాడీ పూసిన పట్టీలు, చిన్న సీసాల్లో రసాయనాలు. వంద ఎకరాలు అక్కర్లేదు, ఒక షెడ్డు చాలు.

రణస్థలం వాసి:
షెడ్డుకైతే మంత్రిగారు శంకుస్థాపనకు రారు. ఆయన రావాలంటే ఎకరాలు చూపించాలి.

పాత అధ్యాపకుడు:
రణస్థలం వారు జీనోమ్ వ్యాలీ పేరెత్తారు కాబట్టి దాని పుట్టుక చెప్పనివ్వండి. హైదరాబాదులో ఇప్పటి ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థకు మూలమైన పరిశోధనాలయం 1944 నాటిది. 1960లలో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది. 1977లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. ఇవన్నీ ప్రభుత్వ సొమ్ముతో నడిచినవే. అంజిరెడ్డి గారు ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1970 పేటెంటు చట్టం మందుల తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. అదే మందును వేరే దారిలో తయారుచేసే రసాయన శాస్త్రవేత్తకు దాంతో విలువ వచ్చింది. 1993లో వరప్రసాద్ రెడ్డి గారు శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టినప్పుడు తొలి ప్రయోగాలకు ఉస్మానియా, సీసీఎంబీ ప్రయోగశాలలు చోటిచ్చాయి. హెపటైటిస్-బి టీకా 1997లో బయటికి వచ్చింది. జీనోమ్ వ్యాలీ అనే బోర్డు ఆ తరువాతి మాట, అంటే బోర్డుకు ముందు యాభై ఏళ్ల సర్కారీ పెట్టుబడి ఉంది.

మన దగ్గర బోర్డు ముందు పెడతారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఎచ్చెర్ల వారిని ఒక్కటే అడుగుతాను: మీ శాఖలో ఆచార్యుల ఖాళీలు నింపమని అడగకుండా కంపెనీలను ఎందుకు అడుగుతున్నారు?

ఎచ్చెర్ల పట్టభద్రుడు:
ఖాళీల విషయంలో మీతో వాదన లేదు మాస్టారూ. కానీ యాభై ఏళ్లు ఆగమంటే ఎలా? అప్పట్లో లేని దారులు ఇప్పుడున్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఒక ఆలోచనను నమూనా దాకా తీసుకెళ్లడానికి 50 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. పరికరం తయారైతే పరీక్షించి చూడడానికి విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో ప్రయోగశాలలు ఉన్నాయి. 2024 ఆగస్టులో కేంద్రం బయోటెక్ తయారీకి విడిగా ఒక విధానాన్నే ఆమోదించింది. బైరాక్ సొమ్ముకు దరఖాస్తు ఎలా నింపాలో చెప్పే మనిషి మన జిల్లాలో లేకపోవడమే నా బాధ.

గంటస్తంభం:
విజయనగరం నుంచి ఒక మాట. బయోటెక్ అంటే మనిషి రక్తం, మనిషి జబ్బు తప్ప ఇంకేమీ లేదా? భోగాపురం, పూసపాటిరేగ తీరం వెంట రొయ్యపిల్లలను పుట్టించే హేచరీలు చూడండి. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చాక తల్లిరొయ్యలు విదేశాల నుంచి విమానంలో చెన్నై వస్తున్నాయి. అక్కడ క్వారంటైన్ ముగిశాక ఇక్కడికి చేరతాయి. తెల్లమచ్చ వైరస్, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి లేవని పీసీఆర్ రిపోర్టు చూపిస్తే తప్ప తెలివైన రైతు రొయ్యపిల్లను కొనడు. కరోనాతో ఊరూరా వినబడిన పీసీఆర్ మా తీరంలో అంతకుముందే మామూలు మాట. ఆ పరీక్షలు చేసేది మన బీఎస్సీ పిల్లలే. దీనికి ఎవరూ శంకుస్థాపన చేయలేదు, సభ పెట్టలేదు.

అక్కడ అడగాల్సినవి ఉన్నాయి. భోగాపురం విమానాశ్రయం దగ్గరే తల్లిరొయ్యల క్వారంటైన్ కేంద్రం అడగండి. పీసీఆర్ రసాయనాలు ఇక్కడే తయారుచేసే యూనిట్ అడగండి. డబ్బు పెట్టి కొనేవాడు ఎదురుగా ఉన్న వ్యాపారం అది. ఉద్దానం కిట్ ఎవరు కొంటారు? ప్రభుత్వం. బిల్లు ఎప్పుడు వస్తుంది? చెప్పలేం. అంతవరకు కంపెనీ బతకాలి కదా!

మందస కోడలు:
అందరూ పెట్టుబడి గురించే మాట్లాడుతున్నారు. ఆ పెట్టుబడి మా ఒంట్లోంచి తీసేదే. ఉద్దానంలోని మా ఊరికి వచ్చి రక్తం, మూత్రం, బావి నీళ్లు, ఆఖరికి తోటలో మట్టి కూడా పట్టుకెళ్లిన బృందాలు ఉన్నాయి. ఫోను నంబరు రాసుకున్నారు, వేలిముద్ర తీసుకున్నారు. పరీక్షలో మా మామగారికి ఎంత వచ్చింది, మా ఆయనకు ఎంత వచ్చింది అని ఒక చీటీ కూడా తిరిగి రాలేదు. డయాలసిస్ మంచం ఎక్కాకే మామగారి సంగతి మాకు తెలిసింది.

ఖమ్మం సంగతి మరిచారా? 2009లో గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకాను సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు వేశారు. చాలామంది గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని తరువాత విచారణలో బయటపడింది. 2010లో ఆ పథకం ఆపేశారు. పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చినా, అడగకుండా చేశారన్నది అలాగే ఉండిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఊరి పేరు చెబితే సంబంధం వెనక్కి పోయిన ఇళ్లు ఉన్నాయి. ఇప్పుడు ‘కిడ్నీ పరిశ్రమల ప్రాంతం’ అని పెద్ద అక్షరాలతో బోర్డు కూడా పెడతారా?

ఎచ్చెర్ల పట్టభద్రుడు:
అమ్మా, బోర్డు మీద జబ్బు పేరు ఉండకూడదన్నది న్యాయం. నమూనాల విషయంలో నియమాలు ఇప్పటికే ఉన్నాయి. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో పరిశోధన లాభంలో నమూనా ఇచ్చినవారికి, వారి సమాజానికి వాటా ఉండాలని ఉంది. జీవవైద్య పరిశోధనను పరిశీలించే నైతిక సంఘాలు ప్రభుత్వం దగ్గర నమోదు కావాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి.

రణస్థలం వాసి:
మార్గదర్శకం మీరితే జైలుకు వెళ్లినవాడిని ఒక్కడిని చూపించండి.

డయాలసిస్ టెక్నీషియన్:
పని చేసేవాడిగా నాలుగు ముక్కలు. పరిశోధన అంటే భవనం అనుకుంటున్నారు. అసలు పరిశోధన ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఏటా పిలిచి, అదే పద్ధతిలో అదే పరీక్ష చేసి, పదేళ్లు విడవకుండా రాసుకోవడం. ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరగాలి. వలస వెళ్లినవాడు సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకోవాలి. తీసిన రక్తాన్ని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. ఒక్క రాత్రి కరెంటు పోయి జనరేటర్ పనిచేయకపోతే ఏళ్ల కష్టం నీళ్లపాలు. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఊళ్లలో కరెంటు ఎన్ని రోజులకు వచ్చిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ పనికి ఎందుకు తొందరో చెబుతాను. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం 7 మండలాలకు 700 కోట్ల రూపాయల పథకంతో మంచినీళ్లు తెచ్చారు. జబ్బుకు కారణం బోరు నీళ్లేనని కొందరు, ఎండలో ఒళ్లు అలిసేలా పనిచేసి నీళ్లు తాగకపోవడమని కొందరు, పురుగుమందులని కొందరు, నేలలోని సిలికా అని కొందరు వాదిస్తున్నారు. నీళ్లు మారాయి కాబట్టి, ఇక మీదట కొత్తగా జబ్బు పడేవాళ్లు తగ్గుతున్నారో లేదో చూస్తే నీళ్ల వాదన నిలుస్తుందో లేదో తేలుతుంది. కొళాయి నీళ్లు ముందుగా అందిన ఊరికి, ఆలస్యంగా అందిన ఊరికి తేడా చూడవచ్చు. ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. కానీ ఇప్పుడు లెక్క మొదలుపెట్టకపోతే, పదేళ్ల తరువాత ఎన్ని కోట్లు పోసినా ఇవాళ్టి రక్తం దొరకదు.

ఉద్యోగాల మాట కూడా అందులోనే ఉంది. రక్తం తీసేవాళ్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, వివరాలు నమోదు చేసేవాళ్లు, ఇళ్లకు తిరిగేవాళ్లు కావాలి. వేలల్లో కాదు, వందల్లో. ఇంటర్, నర్సింగు, డీఎంఎల్‌టీ అనే ల్యాబ్ డిప్లొమా చదివిన ఉద్దానం ఆడపిల్లలకు ఆ పనులు ఊరు విడవకుండా దొరుకుతాయి.

గంటస్తంభం:
మీరు చెప్పింది బాగుంది, కానీ అది సర్వే. పరిశ్రమ ఎక్కడుంది?

డయాలసిస్ టెక్నీషియన్:
తొందరగా పట్టే పరీక్ష చేశామని ఏ కంపెనీ చెప్పినా, జబ్బు రాకముందు తీసిన రక్తం మీద నిరూపించుకోవాలి కదా! ఆ రక్తం ఉన్నచోటికి వాళ్లే వస్తారు. అప్పుడు షరతు పెట్టేది మనం.

పాత అధ్యాపకుడు:
ఈ వరస నాకు నచ్చింది. విన్నపం రాద్దాం. ఎకరాలు వద్దు. పలాసలో పదేళ్ల నిధితో పరిశీలన, ప్రభుత్వ ఆధీనంలో నమూనాల నిల్వ, ఎచ్చెర్లలో ఖాళీల భర్తీ. గంటస్తంభం వారి క్వారంటైన్ కేంద్రం విడి విన్నపంగా ఉండాలి. రెండూ కలిపితే అధికారులు తేలికైన రొయ్యను చేసి మనిషిని వదిలేస్తారు.

రణస్థలం వాసి:
ఎకరాల మాట లేకపోతే నా సంతకం కూడా వేసుకోండి. ఉద్యోగాలు కాంట్రాక్టరు ద్వారా కాకుండా నేరుగా ఇవ్వాలని కూడా రాయండి.

మందస కోడలు:
నా షరతులు రాసుకోండి. ఒకటి, పరీక్ష ఫలితం నెలలోపు తెలుగులో, కాగితం మీద, రక్తం ఇచ్చిన మనిషి చేతికి అందాలి. రెండు, నమూనా జిల్లా దాటాలంటే గ్రామసభలో చెప్పి ఒప్పించాలి. మూడు, మా రక్తంతో తయారైన పరీక్ష మా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

ఎచ్చెర్ల పట్టభద్రుడు:
మొదటిదానికి చేతులెత్తి మొక్కుతాను. రెండోది అలాగే రాస్తే పని సాగదమ్మా. కొన్ని పరీక్షలు హైదరాబాదులోనో, బయటి దేశంలోనో తప్ప జరగవు. ప్రతి పెట్టెకూ సభ పెట్టలేం.

మందస కోడలు:
ప్రతి పెట్టెకూ వద్దు. ఏడాదికోసారి ఏమేం పంపారో, ఎందుకు పంపారో, ఏం తేలిందో సభలో చదవండి. వద్దంటే ఆపండి. దాంతో పరిశోధన ఆగితే ఆగనివ్వండి, మా రోగం ఎలాగూ ఆగలేదు.

ఎచ్చెర్ల పట్టభద్రుడు:
ఏడాదికోసారి సభ అంటే సరే, ఒప్పుకుంటాను. మూడోదాని దగ్గరే చిక్కు. ఉచితం అని ముందే రాస్తే ఏ చిన్న కంపెనీ ముందుకు రాదు. తయారీ ఖర్చుకు ఇవ్వాలి, ఆ ఖర్చు ప్రభుత్వం కట్టాలి, రోగి దగ్గర పైసా తీసుకోకూడదు అని రాద్దామా?

మందస కోడలు:
ఆ తయారీ ఖర్చు ఎంతో ఎవరు లెక్కగడతారు?

పాత అధ్యాపకుడు:
ముసాయిదా రేపు ఇక్కడే పెడతాను. తయారీ ఖర్చు గడి ఖాళీగానే ఉంచుతున్నాను, కంపెనీ లెక్కలు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి.