మూడు గంటలు జనరేటర్ నడిపినా వ్యాన్ బ్యాటరీ ఎక్కలేదు, ఎందుకు?

గాజువాక వ్యాన్: మొన్న అరకులో రెండు రాత్రులున్నాం. వ్యాన్‌లో 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే యాంపులు ఇంటూ గంటలు) ట్యూబులర్ బ్యాటరీ (ఇళ్ళ ఇన్వర్టర్లకి వాడే లెడ్ యాసిడ్ రకం), చిన్న ఫ్రిజ్, ఫ్యాను. 1 కేవీఏ పెట్రోల్ జనరేటర్‌కి ఉన్న 12 వోల్టుల సాకెట్ నుంచి బ్యాటరీకి క్లిప్పులు తగిలించి మూడు గంటలు నడిపాను. తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగిపోయింది. బ్యాటరీ పోయినట్టేనా?

మద్దిలపాలెం బాబాయ్: బ్యాటరీకేం కాలేదు. ఆ సాకెట్ పక్కన ఎన్ని యాంపులని రాసుందో చూశారా? మామూలుగా 8 ఉంటుంది. మూడు గంటలకి 24 ఏహెచ్, అందులోనూ కొంత వేడికే పోతుంది. 150కి అది ఏ మూలకి? 230 వోల్టుల సాకెట్‌కి సరైన ఛార్జర్ పెట్టి, దాన్నుంచి బ్యాటరీకి ఇవ్వండి.

సీతమ్మధార: 40 యాంపుల ఛార్జర్ కొనండి. గంటలో పని అయిపోతుంది.

మద్దిలపాలెం బాబాయ్: గంటలో ఎలా అవుతుందండీ? ట్యూబులర్ గబగబా మింగే రకం కాదు, 15 నుంచి 20 యాంపులు చాలు. 80 శాతం దాకా బాగానే ఎక్కుతుంది, చివరి 20కి గంటలు పడుతుంది. పైగా 40 యాంపులంటే 14.4 వోల్టుల దగ్గర 576 వాట్లు. ఛార్జర్ తినేది కలిపితే 680. పవర్ ఫ్యాక్టర్ బాగోని, అంటే తినే వాట్ల కన్నా జనరేటర్ మీద ఎక్కువ బరువు వేసే చవక ఛార్జరైతే మీ 1 కేవీఏ అక్కడే నిండిపోతుంది. అరకు ఎత్తులో ఇంజన్ బలం ఇంకో పదో వంతు తగ్గుతుంది.

పెందుర్తి: లిథియం బ్యాటరీ వేసుకోండి, గొడవ ఉండదు.

మద్దిలపాలెం బాబాయ్: సున్నా డిగ్రీలకి దిగితే లిథియంకి ఛార్జింగ్ పెట్టకూడదు. లంబసింగి వెళ్తే?

సీతమ్మధార: లంబసింగిలో ఏడాదికి ఎన్ని రోజులండీ సున్నా?

మద్దిలపాలెం బాబాయ్: ఒక్క రోజు చాలు.

బీచ్‌రోడ్డు: అసలు జనరేటర్ ఎందుకు? ఘాట్ ఎక్కేటప్పుడు బండి ఇంజన్ ఎలాగూ తిరుగుతుంది. ఆ ఇంజన్ కరెంటుతోనే ఈ బ్యాటరీని ఎక్కించే డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టించుకుంటే కొండ మీదికి వెళ్ళేసరికి కొంతవరకు ఎక్కేస్తుంది.

గాజువాక వ్యాన్: వెళ్ళాక రెండు రోజులు బండి కదలదు కదా, అప్పుడేటి చెయ్యాలి? 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేనన్ని రోజులూ మా వీధి ఫోన్లన్నీ ఈ జనరేటర్‌తోనే ఛార్జ్ అయ్యాయి. దాన్ని తీసిపారేయకండి.

బీచ్‌రోడ్డు: హుద్‌హుద్ సంగతి ఎవరడిగారు? రాత్రి పదకొండుకి దాని సైలెన్సర్ ఎటు తిప్పి పెట్టారో గుర్తుందా? మీ పక్కన నీలం టెంటు మాదే.

గాజువాక వ్యాన్: ఓహో, అదా సంగతి! అయితే అప్పుడే చెప్పొచ్చు కదా.

బీచ్‌రోడ్డు: వచ్చి తలుపు కొట్టాను. మీరు తియ్యలేదు. అద్దంలోంచి పది వేళ్ళు చూపించారు. పది నిమిషాలేమో అనుకున్నాను, ఒంటిగంట దాకా నడిచింది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి వాసన కూడా రాదు. పిల్లల్ని లేపి కారులో పడుకోబెట్టాం.

గాజువాక వ్యాన్: పొగ అటు వస్తుందని చూసుకోలేదు, తప్పే. కానీ ఫ్రిజ్‌లో హార్బర్ నుంచి తెచ్చిన రెండు కేజీల వంజరం ఉందండీ.

బీచ్‌రోడ్డు: వంజరం కోసమా!

సీతమ్మధార: అరకు వెళ్ళి బొంగు చికెన్ తినకుండా వంజరమేంటి సార్?

గాజువాక వ్యాన్: మా అమ్మ చికెన్ ముట్టదు. మీకెందుకు అదంతా?

మద్దిలపాలెం బాబాయ్: ఇంతకీ ఆ సాకెట్ పక్కన ఎంత రాసుంది?

గాజువాక వ్యాన్: 8.3.